రెండో జత అట్టలు

కంప్యూటర్ తెర మీద ఒక మూల చిన్న పెట్టె లేచి, కొత్త వెర్షన్ వచ్చింది, ఇప్పుడే పెట్టుకుంటారా, తర్వాత పెట్టుకుంటారా అని అడిగినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే ‘తర్వాత’ మీదికి పోతుంది. నిన్నటిదాకా ఏం తక్కువైంది, ఇప్పుడు ఏం మారుస్తావు, పాతదాన్ని ఏం చేస్తావు అంటే ఆ పెట్టె జవాబు చెప్పదు. కొన్ని మెరుగులు దిద్దాం అని ఒక్క ముక్క అంటుంది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు ఇంటికొచ్చి, మీ బీరువాలో మెరుగులు దిద్దిపోతాం అంటే ఊరుకుంటామా? ఈ రంగంలోనే అన్నం తింటూ ఇంత అనుమానమేమిటని నాతో పనిచేసేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఈ అనుమానం నాకు పుస్తకాలు చదివితే రాలేదు. ధర్మవరంలో మా ఇంట్లో, నా చేతులారా చేసిన పనివల్ల వచ్చింది.

మా నాయన పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో ఒక్కో గడి నింపుకుంటూ హంసలు, మామిడి పిందెలు, గోపురాలు గీసేవాడు. దాన్ని గ్రాఫు అనేవాళ్లం. ఆ గ్రాఫు చూసి ఇంకొకాయన దళసరి అట్టలకు బెజ్జాలు కొడతాడు. గ్రాఫులో ఒక అడ్డవరసకు ఒక అట్ట. నింపిన గడి ఉన్నచోట బెజ్జం పడుతుంది, లేనిచోట ఖాళీ. ఆ అట్టలన్నీ వరసగా దారంతో కుట్టి మగ్గం పైనుండే జకార్డుకు తగిలిస్తే, బెజ్జం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. కింద చీర అంచున హంస దిగుతుంది. ఎవరు కొట్టిన అట్ట, ఎవరి మగ్గం అన్న పేచీ లేదు. జకార్డు సైజు కలిస్తే చాలు, ఎవరి అట్టలైనా ఎవరి మగ్గం మీదైనా నడుస్తాయి.

మా ఊళ్లో అనుమానం లేని మనిషి ఈ పనిలో బతకలేడు. ఒక బోర్డరు బాగా అమ్ముడుపోతోందని తెలిస్తే నెల తిరక్కుండా పక్క వీధి మగ్గాల మీద అదే బోర్డరు దిగేది. అందుకని నాయన గ్రాఫులను ఇనప ట్రంకుపెట్టెలో పెట్టి రెండు తాళాలు వేసేవాడు. తాళంచెవులు మొలతాడుకు ఉండేవి. ఆయన గీసేటప్పుడు వీధివైపు కిటికీ మూసి ఉండాలి. ఎవరైనా గడప తొక్కితే చేతిలోని కాగితం బోర్లా పడేది. శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన బంధువులను కూడా వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపేశాడొకసారి. అమ్మ ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

అమ్మ ఇళ్లకు పోయి పడుగులు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, అతికేది. మగ్గం మీద ఒక పడుగు అయిపోవస్తే దాన్ని మొత్తం తీసెయ్యరు. జానెడు పాత దారాలు అట్లాగే, పోగులను విడివిడిగా పట్టే దువ్వెనలాంటి అచ్చులో వదులుతారు. కొత్త పడుగులోని ఒక్కో పోగును పాత పోగు కొసకు చేర్చి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెడతారు. అట్లా వేల పోగులు. అన్నీ అతికాక మెల్లగా లాగితే పాత పోగు ముందు నడిచి కొత్త పోగును అచ్చులోంచి ఇవతలికి తెస్తుంది. ఒక్కటి తప్పితే చీర పొడుగునా గీత పడుతుంది. అమ్మ కాళ్లు చాపుకుని రోజుల తరబడి ఈ పని చేస్తుంటే నేను పక్కనే కూర్చుని చూసేవాణ్ణి. చూశానే గాని బుర్రకెక్కలేదు.

అట్టలు కొట్టే ఆయన మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. నేను ఆయన్ను చాచా అనేవాణ్ణి. నాయన గీసిన గ్రాఫులన్నీ ఆయనే కొట్టేవాడు. ఎన్నేళ్ల పరిచయమున్నా నాయన పెట్టిన షరతు మాత్రం మారలేదు. ఒక గ్రాఫుకు ఒకే జత అట్టలు కొట్టాలి, కొట్టడం అయిన రోజే గ్రాఫు తిరిగివ్వాలి, మళ్లీ అడగకూడదు. గ్రాఫు చాచా దగ్గరున్న నాలుగైదు రోజులూ నాయనకు తిండి సయించేది కాదు. ఏదో ఒక నెపం పెట్టుకుని పొద్దునా సాయంత్రం ఆ వీధిలో తిరిగొచ్చేవాడు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో నాయన గీసిన హంస బోర్డరు ఊళ్లో బాగా ఆడింది. ఆరు నెలలు తిరక్కుండా దాన్ని పోలిన బోర్డరే ఇంకొకరి మగ్గం మీద కనబడింది. నాయన తిన్నగా టీ అంగడికి పోయి, పదిమంది ముందర చాచాను నిలదీశాడు.

“నా గ్రాఫు నువ్వు గాక ఇంకెవురు చూసినారప్పా?”

“చూడకుండా కొట్టేది ఎట్లన్నా?” అని చాచా అన్నాడట. ఆ మాటను నాయన ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాడు. వినేవాళ్లు కూడా అట్లాగే తీసుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తమ గ్రాఫులు వేరేవాళ్ల దగ్గరికి పట్టుకుపోయారు. ఏడాది తిరిగేసరికి చాచాకు పని లేకుండా పోయింది. ఇల్లు ఖాళీ చేసి పెనుకొండ పోయాడని, అక్కడ బేకరీలకు స్వీటు పెట్టెలు మడిచి ఇస్తున్నాడని తెలిసింది. అబద్ధమెందుకు, నేనూ నాయన మాటే నమ్మాను. చాచా చేతిలో బిస్కెట్లు తిన్నవాణ్ణి, ఒక్కసారి పోయి అడగొచ్చుననే ఆలోచన కూడా నాకు రాలేదు.

తొంభైల చివర్లో నాకు హిందూపురం బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో ఉద్యోగం దొరికింది. కొన్నాళ్లకు అక్కడికి ఇంటర్నెట్ వచ్చింది. మార్కెట్‌కు చింతపండు వేసుకొచ్చిన మడకశిర రైతులు పిల్లల రిజల్టు కోసం మా దగ్గరికొచ్చి, ఒక్క నంబరు చూసేదానికి ఎన్ని దుడ్లని బేరమాడేవాళ్లు. నాకు మాత్రం ఇంకో సంగతి మీద పిచ్చి పట్టింది. ఏ వెబ్ పేజీనైనా తెరిచి మౌసు కుడి బొత్తం నొక్కితే, ఆ పేజీని ఎట్లా అల్లారో, దాని వెనకున్న రాత మొత్తం కనబడేది. గ్రాఫును చీరకే కుట్టి అమ్మినట్టు. కిటికీలు మూసిన ఇంట్లో పెరిగినవాడికి అది ఎంత వింతో చెప్పలేను. ఆ ఆదివారమే ధర్మవరం పోయి నాయనకు చెప్పాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. “చూసినోడు చూసినట్లే ఎత్తుకపోతే గీసినోని గతేంది?” అన్నాడు.

అందరూ ఒకే పద్ధతిలో రాస్తేనే అందరి కంప్యూటర్లలోనూ కనబడుతుందని, మీ అట్టల బెజ్జాలూ అంతే కదా అని వాదించాను. ఆయన వినలేదు. నిజానికి నేనూ నా మాట నేను వినలేదు. హిందూపురంలో ఒక కాలేజీకి పేజీ తయారుచేసిచ్చి, అడుగున ఈ పేజీ ఫలానా బ్రౌజర్‌లో మాత్రమే బాగా కనబడుతుందని గర్వంగా రాశాను. పద్ధతి ప్రకారం రాయడానికి ఓపిక లేక, ఆ ఒక్క బ్రౌజరు మన్నించే అడ్డదారులన్నీ తొక్కాను. రెండేళ్లకు ఆ బ్రౌజరుకే కొత్త వెర్షన్ వచ్చేసరికి బొత్తాలన్నీ జారి పేజీ అడుక్కి పోయాయి. ప్రిన్సిపాల్ ఫోన్ చేస్తే, మీరు ఇంకోటి అప్‌డేట్ చేసుకోవాల్సి ఉంది సార్ అని దబాయించాను. ఎవరికి ఏది పాడైనా ఆ రోజుల్లో నా జవాబు అదొక్కటే. వైద్యుడికి ఒకే మందు తెలిసినట్టు ఉండేది నా పని.

ఈలోగా నాయనకు షుగరు కళ్లకెక్కింది. భూతద్దం పెట్టుకున్నా గడులు కలిసిపోతున్నాయని అన్నాడు. గీయడం తగ్గింది. ట్రంకు తెరిచి పాత గ్రాఫులు తడుముకుంటూ కూర్చునేవాడు. కాగితాలు పసుపుపచ్చగా మారి మడతల దగ్గర విరుగుతున్నాయి. వీటిని కంప్యూటర్లోకి ఎక్కిద్దామని నేనే ఎత్తుకున్నాను. చీరల డిజైన్ల కోసమే ఒక చిన్న కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అప్పట్లో దొరికేది. దాంతోపాటు వేలెడంత లాక్ ఒకటి ఇచ్చేవాళ్లు. దాన్ని కంప్యూటర్ వెనకాల గుచ్చితే తప్ప సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. నాయనకు ఆ ప్రోగ్రామంతట్లో నచ్చింది ఆ లాక్ ఒక్కటే.

పాత కంప్యూటర్ ఒకటి, స్కానర్ ఒకటి ఇంటికి తెచ్చి దాదాపు ఏడాది ఆదివారాలన్నీ దానికే పెట్టాను. స్కాన్ చేసిన గ్రాఫును ఆ సాఫ్ట్‌వేర్ తన సొంత పద్ధతిలో దాచుకునేది. మామూలు బొమ్మగా కూడా ఒక నకలు పెట్టుకోవచ్చు. డిస్కులో చోటు లేదని, పైగా అదనపు పని అని నేను పెట్టలేదు. నాయన పక్కన కూర్చుని భూతద్దంతో తెర చూస్తూ ఒక్కో గడి సరిచూసేవాడు. పాస్‌వర్డు పెట్టే రోజు నన్ను గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో కొడుతుంటే ఆ టకటకలు వింటూ అట్లాగే నిలబడ్డాను. అయిపోయాక ఆయన మొహంలో అంతకుముందెప్పుడూ చూడని నిశ్చింత కనబడింది.

ఆ నిశ్చింతతో ఆయన చేసిన పని మరుసటి ఆదివారం దాకా నాకు తెలియలేదు. ఒక పొద్దున ట్రంకు ఖాళీ చేసి, ముప్ఫై ఏళ్ల గ్రాఫులనూ నీళ్లపొయ్యిలో పెట్టేశాడు. కంప్యూటర్లో ఉన్నదానికి తాళం ఉంది. కాగితానికి లేదు. కాగితం ఉన్నన్నాళ్లూ దొంగకు దారి ఉన్నట్టేనని ఆయన లెక్క. ఆ నీళ్లతోనే స్నానం చేశానని నాతో ధీమాగా చెప్పాడు. ఆయన్ను తప్పుపట్టే వీలు నాకు లేదు. అంతా కంప్యూటర్లో భద్రంగా ఉందని ఆయనకు చెప్పినవాణ్ణి నేనే కదా.

రెండేళ్లకు ఆ కంపెనీ నుంచి కొరియర్లో ఒక సీడీ వచ్చింది. కొత్త వెర్షన్, పాతదానికి ఇకమీద సాయం అందదు అని ఉత్తరం. నేను మరునాడే పెట్టాను. పాత ఫైళ్లను కొత్త పద్ధతిలోకి మార్చనా అని అడిగితే మార్చమన్నాను. నీలం గీత ఎడమనుంచి కుడికి నిదానంగా పాకుతుంటే అమ్మ ఇచ్చిన బొరుగులు తింటూ చూశాను. గీత చివరిదాకా పోయింది. నాయనను పిలిచి పాస్‌వర్డు కొట్టించాను, గోడవైపు తిరిగి. తాళం తెరుచుకుంది. లోపల ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి. ఏది తెరిచినా ఖాళీ గళ్లు.

భయపడకుండా పాత వెర్షన్ మళ్లీ పెట్టాను. ఫైళ్ల నకలు సీడీ ఒకటి నా దగ్గరుంది, అంతమాత్రం తెలివి ఉంది. కానీ కొత్త వెర్షన్ పోతూ పోతూ వెనకాల గుచ్చిన లాక్‌ను కూడా మార్చేసింది. ఇది నా లాక్ కాదు అంటుంది పాత వెర్షన్. పాత ఫైళ్లు చేతిలో ఉన్నాయి, వాటిని తెరిచేది లోకంలో ఇంకేదీ లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే మొదటివారం చూస్తామన్నారు, రెండోవారం ఎత్తలేదు, ఆపైన ఆ నంబరే లేదన్నారు. తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఆ కంపెనీ తన ఫైళ్లు ఎట్లా రాసుకుందో బయటివాళ్లకు ఎక్కడా చెప్పలేదు. కిటికీలు మూసుకుని రాసింది, మా నాయన మాదిరిగానే.

దాచిపెట్టి లాభం లేదని ఒక ఆదివారం పొద్దున చెప్పేశాను.

“ఎవురు చూసినారు?” అన్నాడు నాయన.

“ఎవురూ చూడల్యా నాయనా. ఎవురూ చూడలేరు.”

“నేను గూడానా?”

నేను బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. అమ్మ వచ్చి, అసలేం జరిగిందో తనకు అర్థమయ్యేటట్టు చెప్పమంది. చెప్పాను. కొత్తది పెట్టానని, అది పాతదాన్ని తీసేసిందని, కొత్తదాంట్లో ఏమీ రాలేదని.

“అతకకముందే ఎవురన్నా పాతది కోస్తారారా?” అంది అమ్మ. తిట్టను కూడా లేదు. నిజంగానే తెలియక అడిగింది. అంత చదివినవాడు ఇంత చిన్న సంగతి తెలియకుండా ఎట్లా ఉంటాడని ఆమెకు ఆశ్చర్యం. నాకు అవమానంగా అనిపించింది. తర్వాత ఏడుపొచ్చింది.

నడుస్తున్న డిజైన్ల అట్టలు ఊళ్లో మగ్గాల మీద ఉన్నాయి. అవి పది పన్నెండుకు మించవు. మిగతావాటి అట్టలను అమ్మకాలు ఆగగానే ఎవరి పొయ్యిలోకి వాళ్లు పెట్టేసుకున్నారు. నాయన కళ్లు అప్పటికి వెలుతురును మాత్రమే పోల్చుకుంటున్నాయి. మళ్లీ గీయడమనేది లేదు. ఆయన కిటికీ తెరిచి కూర్చోవడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్లు మూసిన కిటికీ అది. ఎవరు తొంగిచూసినా పట్టించుకోవడం మానేశాడు. అది చూసి నేను ఓర్చుకోలేకపోయాను. ఆయన అనుమానపు మనిషిగా ఉన్నప్పుడే నాకు ధైర్యంగా ఉండేది.

అప్పుడు చాచా గుర్తొచ్చాడు. మంచి మనసుతో గుర్తొచ్చాడని చెప్పను. నాయన అన్నట్టు ఆయన నిజంగా దొంగే అయితే, దొంగసొత్తు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అనుకున్నాను. నాయనకు చెప్పకుండా పాసింజరు ఎక్కి పెనుకొండలో దిగాను. దర్గా దాటాక కొండ నీడ పడే సందులో చాచా ఇల్లు దొరికింది. వాకిట్లో మడవని స్వీటు పెట్టెలు దొంతర్లుగా ఉన్నాయి. గడ్డం తెల్లబడింది గాని మనిషి అదే మనిషి. నన్ను గుర్తుపట్టి మంచం మీద కూర్చోమన్నాడు. ఏదో పని మీద ఈ ఊరొచ్చాను, చూసిపోదామని వచ్చానని అబద్ధం చెప్పాను.

టీ తాగేదాకా ఆగి, “పన్నెండేండ్లకు చూసిపోయేదానికి రారప్పా. ఏం కావల్ల, చెప్పు” అన్నాడు.

అంతా చెప్పాను. చెబుతూ చెబుతూ అటక వైపు చూశాను. పాత లుంగీ గుడ్డల్లో చుట్టిన కట్టలు, అచ్చం అట్టలంత పొడుగు, అట్టలంత వెడల్పుతో, వరసగా పేర్చి ఉన్నాయి. దొంగ దొరికాడన్న కోపం, దొంగిలించాడు కాబట్టి బతికామన్న సంతోషం రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి. చాచా నా చూపు ఎటు పోయిందో గమనించాడు.

“మగ్గం మీద ఒక అట్ట చిరిగితే మీ నాయన మళ్లా గ్రాఫు ఇచ్చేటోడా? నేసేటోని మగ్గం నిలబడిపోతాది. అందుకని రెండు జతలు కొడతాంటి. చిరిగిందాన్ని నా జత చూసి మళ్లా కొట్టి ఇస్తాంటి.”

నేను నమ్మలేదు. నమ్మనట్టు నా మొహంలోనే తెలిసిపోయి ఉంటుంది. ఆయన స్టూలేసుకుని, కట్టలన్నీ వెతికి ఒక్కటి దించాడు. ఇది తీసుకుపోయి నాయనకిమ్మన్నాడు. మిగతావి తర్వాత చూద్దామన్నాడు. నాయనకు కళ్లు కనబడవని అప్పుడు చెప్పాను. చాచా కట్టను నా చేతుల్లో పెట్టాడు. చేతులున్నాయి కదా, తడిమి చూడమను అన్నాడు. రైల్లో దారిపొడుగునా నాకు ఒకటే గుబులు. అన్నీ ఉండగా ఒక్కటే ఎందుకిచ్చాడు? బేరానికి ఎర వేశాడా? ఇదే ఎందుకు ఏరి తీశాడు?

నాయన గుడ్డ విప్పి పైఅట్ట మీద అరచెయ్యి పరిచాడు. వేళ్లు కాసేపు తిరిగాయి. ఇది తన హంస బోర్డరని నేను చెప్పకముందే కనుక్కున్నాడు. ఎక్కడిదని అడిగితే చెప్పాను. మొహం గట్టిపడింది. నేను చెప్పలేదా, వాడే దొంగని అంటాడని ఎదురుచూశాను. ఆయన అట్ట కొసలు తడమడం మొదలుపెట్టాడు. ప్రతి అట్టకూ రెండు కొసల్లో పెద్ద బెజ్జాలు రెండుంటాయి. జకార్డు మీది మేకులు వాటిలోకి దిగి అట్టను తిప్పుతాయి. నెల రోజులు మగ్గం మీద ఆడితే ఆ బెజ్జాలు నలిగి పీచు లేస్తాయి. నాయన ఒక్కో అట్ట కొసకూ బొటనవేలు ఆనించి చూశాడు. ముప్ఫై నలభై చూశాక చెయ్యి ఆపాడు.

“ఇది మగ్గమెక్కలా” అన్నాడు.

పన్నెండేళ్లలో ఒక్కరోజు కూడా ఆ అట్టలతో ఎవరూ చీర నెయ్యలేదన్నమాట. నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆపి, అరవై మూడో అట్ట లెక్కపెట్టి ఇమ్మన్నాడు. ఇచ్చాను. ఎడమనుంచి బెజ్జాలు లెక్కపెట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టి అక్కడే ఆగాడు. మూడోసారీ అంతే. తర్వాత ఆ అట్టను ఒడిలో పెట్టుకుని అమ్మను పిలిచాడు.

ఆయన చెప్పిన సంగతి ఇది. హంస గ్రాఫు చాచాకు ఇచ్చేసి వచ్చిన రోజు, అన్నం ముందర కూర్చున్నాక, ముక్కు దగ్గర ఒక గడి అనవసరంగా నింపానని ఆయనకు స్ఫురించింది. చీరలో హంస ముక్కు చీలిపోతుంది. పోయి చెప్పడానికి నామోషీ అడ్డొచ్చింది. చీర దిగేదాకా లోలోపలే చచ్చాడు. చీర దిగింది. ముక్కు నున్నగా ఉంది. ఇప్పుడు ఈ అట్టలోనూ ఆ గడి ఉండాల్సినచోట బెజ్జం లేదు.

“సంతోషపడాల్సినోన్ని. నాకు భయమైంది. గడి గడి చూసి కొట్టేటోనికి అది కనపడదు. హంసంతా కంట్లో పెట్టుకున్నోనికే కనపడుతాది. నా మాదిరి చూసేటోడు ఇంగొకడు ఉండాడని భయమైంది.”

ఆరు నెలలకు బోర్డరు వేరే మగ్గం మీద కనబడగానే ఆ భయానికి ఒక పేరు దొరికింది. అసలా బోర్డరు అక్కడికి ఎట్లా పోయిందో మాకు ఇప్పటికీ తెలియదు. చీర చూసి గీసుకునేవాళ్లు మా ఊళ్లో కొదవ లేరు. తప్పు తనదని, చాచా దిద్దాడని నాయనకు మొదటిరోజునుంచీ తెలుసు. చెప్పాలంటే తన తప్పు బయటపడాలి. దానికంటే ఇంకొకరి బతుకు పోవడం ఆయనకు తేలికగా తోచింది. అమ్మ ఆ మాట ఆయన మొహం మీదే అడిగింది, ఒక గడి కోసమా అని. నాకు ఆయన మీద కోపం, జాలి రెండూ వచ్చాయి. కోపమే ఎక్కువ.

మరుసటి ఆదివారం హంస కట్ట చంకన పెట్టుకుని, నాయన చెయ్యి పట్టుకుని పెనుకొండలో దింపాను. చాచా ఎదురొచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. నాయన చొక్కాలోంచి అరవై మూడో అట్ట తీసి ముందుకు చాచాడు.

“తప్పు నాది. అప్పుడే తెలుసు నాకు” అన్నాడు.

“నీకు తెలుసని నాకూ తెలుసన్నా. ఆ పొద్దు టీ అంగట్లో చెప్తావని చూసినా. పన్నెండేండ్లు స్వీటు పెట్టెలు మడిచినా నేను.”

చాచా గొంతు పెరగలేదు గాని అట్ట తీసుకోలేదు. నాయన చెయ్యి అట్లాగే చాచి ఉంది. చివరికి చాచా అట్ట అందుకుని, కట్టలో దాని నంబరు దగ్గర పెట్టాడు. పోయి అటక మీదివన్నీ దించమని నాతో అన్నాడు.

ఆ ఏడాది ఆదివారాలన్నీ పెనుకొండలోనే గడిచాయి. చాచా అట్ట పట్టుకుని బెజ్జం, ఖాళీ అని చదివేవాడు. నేను కొట్టేవాణ్ణి. బెజ్జానికి ఒక గుర్తు, ఖాళీకి ఒక చుక్క, అట్టకొక వరస. రంగుల్లేవు, లాక్ లేదు, పాస్‌వర్డు లేదు. ఏ కంప్యూటర్లో పెట్టినా తెరుచుకునే ఉత్త అక్షరాల ఫైలు. కళ్లున్నవాడు ఎవడైనా దాన్ని చదివి మళ్లీ అట్టలు కొట్టుకోవచ్చు. ఇట్లా తెరిచి పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని నేనే నాయనను పరీక్షించాను. పోనీలే అని ఆయన అనలేదు. అంత మారలేదు. ఎత్తుకుపోయేవాళ్ల పేర్లు నాలుగు చెప్పి, ముందుగా వాళ్లను కనిపెట్టి ఉండమన్నాడు. మధ్యమధ్య ఏదో ఒక అట్ట లాక్కుని తడిమి చూసి, చాచా తప్పు చదివాడేమోనని పట్టుకోవడానికి ప్రయత్నించేవాడు. ఒక్కసారీ పట్టుకోలేకపోయాడు.

అంతా అయ్యాక కాగితం మీద ప్రింటు తీసి, లావుపాటి పుస్తకంగా కుట్టించాను. ఒకటి మా ఇంటికి, ఒకటి నాకు, ఒకటి చాచాకు. చాచా పుస్తకాన్ని నాయన నా చేతిలోంచి తీసుకుని, తానే వెతుక్కుంటూ పోయి ఆయన చేతుల్లో పెట్టాడు. ఇది నీ ఇంట్లోనే ఉండనీ అన్నాడు.

“నా మీద అంత నమ్మకం ఎప్పుడు పుట్టెన్నా?” అన్నాడు చాచా.

“నమ్మకం కాదప్పా. మా ఇంట్లో వీడుండాడు. ఎప్పుడో ఒకప్పుడు అప్‌డేట్ చేస్తాడు.”

చాచా నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వినంతసేపూ నేను తల వంచుకుని, విప్పిన అట్టలను మళ్లీ లుంగీ గుడ్డల్లో చుట్టి కట్టలు కడుతూ కూర్చున్నాను.